వంతెన దాటితే మళ్లీ ఒకటి

చర్చి హాల్లో ఆదివారం భోజనాల బల్ల మీద వెల్డా తెచ్చిన నూడుల్స్ గిన్నె పెట్టింది పెట్టినట్టే ఉంది. జనమంతా మార్లిస్ చుట్టూ మూగారు. మార్లిస్ పసుపుపచ్చ టీషర్టు వేసుకుంది. దాని మీద నల్లటి పెద్ద అక్షరాలతో "మూడు రోజులు చాలు" అని ఉంది. అలాంటివే వేసుకున్న ఆడవాళ్లు ఆ హాల్లో ఇంకో పాతికమంది ఉన్నారు. పాస్టరుగారి భార్య కూడా వేసుకుంది. ఆవిడకి పసుపుపచ్చ ఎంతమాత్రం నప్పదు.

"అసలు నీకెలా తట్టిందమ్మా ఆ ఆలోచన!" అంటోంది పాస్టరుగారి భార్య.

"ఏమో, దేవుడే తట్టించాడు," అంది మార్లిస్, గుండె మీద చెయ్యి వేసుకుని.

వెల్డా చేతిలోని ప్లాస్టిక్ ఫోర్కు పుటుక్కున విరిగింది. దేవుడట, దేవుడు! చెప్పింది తను. తన వంటింట్లో కూర్చుని, తన కాఫీ తాగుతూ, తన యాపిల్ కేకు రెండు ముక్కలు తింటూ విన్నది ఈ మహాతల్లి. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దలు ఊరికే అన్నారా?

వెల్డాకి అరవై ఒకటి. టర్లీ కౌంటీ షెరీఫ్ ఆఫీసులో, అంటే ఆ జిల్లా పోలీసు కచేరీలో, ఇరవై రెండేళ్లుగా ఒకటే కౌంటరు, ఒకటే కుర్చీ. పసిపిల్లల జోలికి పోయి, శిక్షపడి, జైలు నుంచి బయటికొచ్చినవాళ్లుంటారు చూడండి, వాళ్లంతా ఏటా పుట్టిన నెలలో ఆమె ముందుకొచ్చి నిలబడాలి. ఎక్కడ ఉంటున్నారో, ఏ బండి నడుపుతున్నారో చెప్పి, ఫొటో దిగి, సంతకం పెట్టాలి. ఆ జాబితా ఊళ్లో ఎవరైనా చూసుకోవచ్చు. జాబితాలో పేరున్నవాడు పిల్లల పార్కు దరిదాపుల్లో మకాం పెట్టకూడదు. ఇదీ ఆమె ఉద్యోగం. పార్టీల్లో చెప్పుకునే ఉద్యోగం కాదు. చెబితే పక్కవాళ్లు కుర్చీ కాస్త జరుపుకుంటారు.

మార్లిస్ ఆమె చెల్లెలు, నాలుగేళ్లు చిన్నది. వాగు మీది వంతెన దాటితే వచ్చే బ్రెంట్ కౌంటీలో కాపురం. చిన్నప్పటినుంచీ ఇదే వరస. వెల్డా రాత్రంతా చదివిన పాఠాన్ని పొద్దున మార్లిస్ అప్పజెప్పేది. వెల్డా కుట్టిన గౌను వేసుకుని కౌంటీ సంతలో అందాల పోటీ కిరీటం మార్లిస్ గెలిచింది. వెల్డాకి పెళ్లి కాలేదు, మార్లిస్‌కి రెండుసార్లయింది. చివరికి దేవుడు ఆ ఇంటికే జూనీ లాంటి మనవరాల్ని కూడా ఇచ్చాడు. జూనీకి ఎనిమిదేళ్లు. నోరు తిరగని రోజుల్లో వెల్డాని "వెల్లీ" అంది, ఇప్పటికీ అలాగే అంటుంది. ఆ ఒక్క పిలుపు కోసం వెల్డా ప్రతి శనివారం వంతెన దాటి వెళ్తుంది. ఇది కూడా చెల్లెలి దయే కదా అని దారి పొడుగునా ఉడుక్కుంటూ వెళ్తుంది.

ఈ పసుపుపచ్చ టీషర్టుల కథ ఆరేళ్ల కిందట వెల్డా కౌంటరు దగ్గరే మొదలైంది. ఓరిన్ అనేవాడు పక్క రాష్ట్రంలో శిక్ష అనుభవించి వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని ఎంతో మర్యాదగా నిలబడ్డాడు.

"మేడమ్, నేను రూలు ప్రకారం నడుచుకునే మనిషిని. ఇక్కడ ఎన్నాళ్లుంటే పేరు రాయించుకోవాలండీ?"

"వరసగా పది రోజులుంటే."

"తొమ్మిది రాత్రులుండి వంతెన దాటి అటు పోయాననుకోండి?"

"అప్పుడది బ్రెంట్ వాళ్ల లెక్క. అక్కడ మళ్లీ ఒకటి నుంచి మొదలు."

"మళ్లీ ఇటొస్తే?"

"ఇక్కడా ఒకటే."

"చాలా సంతోషం మేడమ్," అని టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

అడిగినవాడికి రూలు చెప్పాలన్నది రూలు. గోడ మీద బోర్డు కూడా ఉంది. చెప్పింది. తను ఏం చెప్పిందో ఆమెకి ఇరవై రోజుల తర్వాత గానీ తెలిసిరాలేదు. వాడు కాపురముండే చక్రాల ఇల్లు, ఆ తెల్ల ట్రెయిలర్, వాగుకి ఇవతల, చేపలు పట్టుకునే రేవులో తొమ్మిది రాత్రులు ఉంది. తర్వాత అవతలి రేవులో తొమ్మిది రాత్రులు. మళ్లీ ఇవతల. రెండు రేవుల పక్కనా పిల్లల ఉయ్యాలలున్నాయి. ఏ కౌంటీ జాబితాలోనూ వాడి పేరు లేదు. తాడి తన్నేవాడి తల తన్నే రకం వాడు.

షెరీఫ్‌తో చెబితే ఆయన బూటు కాళ్లు బల్ల మీద పెట్టుకుని, "పదో రోజున పట్టుకుందాం, సరేనా? పదో రోజున వాడుండడు కదా వెల్డా. నన్నేం చెయ్యమంటావ్?" అన్నాడు.

అప్పటినుంచి ఆఫీసుకి పోతూ రోజూ రేవు వైపు చూడటం, ట్రెయిలర్ ఉంటే ఆ తారీఖు మీద ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టడం ఆమెకి అలవాటైంది. కొట్టేది వంటింటి కేలెండర్ మీద. శవసంస్కారాల దుకాణంవాళ్లు క్రిస్మస్‌కి ఊరందరికీ ఉచితంగా పంచే కేలెండర్ అది. అలాంటివి ఆరు నిండాయి. రాజధానికి పదకొండు ఉత్తరాలు రాసింది. రోజుల సంఖ్య తగ్గిస్తే చాలదు, రాష్ట్రంలో ఎక్కడున్నా ఏడాది మొత్తానికి కలిపి లెక్క కట్టాలి అని ప్రతి ఉత్తరంలోనూ రాసింది. ఒక్కదానికి జవాబొచ్చింది. సెనేటర్ హాల్బర్ట్ నవ్వుతున్న ఫొటో, కింద అచ్చులో ఉన్న ధన్యవాదాలు.

పోయిన వసంతంలో ఆ ఓరిన్ అవతలి రేవులో జూనీని పలకరించాడు. "లోపల కుక్కపిల్లలున్నాయి, చూద్దువుగాని రా," అన్నాడు. జూనీ గట్టి పిల్ల. చెప్పులు అక్కడే వదిలేసి ఇంటికి పరిగెత్తింది. మార్లిస్ వణికిపోతూ వెల్డా వంటింటికి వచ్చి పడింది. వెల్డా అంతా చెప్పింది. పది రోజులు, వంతెన, మళ్లీ ఒకటి, ఉత్తరాలు, అన్నీ. మార్లిస్ "పది రోజులు" దాకా విని ఏడుపు మొదలుపెట్టింది. తర్వాత ఫోను అందుకుంది. మిగతాది ఆ చెవులకి ఎక్కలేదు.

మర్నాడు కారులో కూర్చుని, కళ్ల కాటుక బుగ్గల దాకా కారుతుండగా వీడియో తీసింది. "పది రోజులా? ఇలాంటివాడికి పది రోజులు ఎవరమ్మా ఇచ్చింది? మూడు రోజులు చాలు!" అంది. వారం తిరిగేసరికి నాలుగు లక్షలమంది చూశారు. ఫొటోలో నవ్విన సెనేటర్ హాల్బర్ట్ ఈసారి మనిషే దిగివచ్చి మార్లిస్ వరండాలో కూర్చున్నాడు. పది తీసేసి మూడు పెడుతూ చట్టం రాయించాడు. పేపర్లవాళ్లు దానికి మార్లిస్ చట్టం అని పేరు పెట్టేశారు. ఆ రోజు వరండాలోకి కాఫీ తెచ్చి ఇచ్చింది వెల్డాయే. సెనేటర్ ఆమె చెయ్యి పట్టుకుని ఊపి, "కాఫీ బ్రహ్మాండంగా ఉందండీ," అన్నాడు. పదకొండు ఉత్తరాల మాట అక్కడ ఎవరెత్తుతారు?

ఇంకా పాసుకాని ఆ చట్టం నకలు అభిప్రాయం కోసం షెరీఫ్ ఆఫీసుకి వచ్చింది. షెరీఫ్ చదవకుండా వెల్డా బల్ల మీద పడేశాడు. ఆమె మధ్యాహ్నం శాండ్విచ్ తింటూ చదివింది. రెండోసారి చదివింది. పది ఉన్నచోట మూడు పెట్టారు. అంతే. ఇంకొక్క ముక్క మార్చలేదు. వంతెన దాటితే మళ్లీ ఒకటే.

చెప్పాలా వద్దా? చెప్పాలి. ఫోను బల్ల మీదే ఉంది, నంబరు నోటికి వచ్చు. కానీ ఆ క్షణాన వెల్డా కడుపులో చల్లగా ఏదో దిగింది. ఎన్నేళ్లుగానో మండుతున్న చోట మొదటిసారి చల్లబడింది. పోనీ, పాసవనీ. టపాసులు కాల్చుకోనీ. మళ్లీ వేసవికి వాడి ట్రెయిలర్ అదే రేవులో ఉంటుంది. అప్పుడు పేపర్లవాళ్లు మార్లిస్ వరండాకి మళ్లీ వస్తారు. దేవుడు తట్టించిన తెలివి ఎంతో అప్పుడు ఊరంతా చూస్తుంది. చూశాక ఎవరో ఒకరు వెల్డాని అడుగుతారు, మీకు ముందే తెలుసా అని. తెలుసు అంటుంది. ఆ మాట ఎలా అనాలో స్నానం చేస్తూ రెండుసార్లు చెప్పుకుని చూసుకుంది కూడా.

పదహారు రోజులు నోరు విప్పలేదు. టీవీలో మార్లిస్ వచ్చినప్పుడల్లా కుర్చీ దగ్గరికి లాక్కుని మరీ చూసింది. జూనీ గుర్తొస్తే మాత్రం పళ్లెం పక్కకి నెట్టేది. వేసవి దాకా చాలా టైముంది, ఈలోగా తనే చెబుతుంది, లేకపోతే ఎవరో ఒక లాయరు కనిపెడతాడు అని సర్దుకునేది. కుళ్లుకి సాకులకేం కొదవ?

గురువారం రాజధానిలో సెనేటర్ల ముందు ఆ చట్టం మీద విచారణ. మంగళవారం మధ్యాహ్నం ఓరిన్ కౌంటరు దగ్గరికి వచ్చాడు. టోపీ చేతిలోనే ఉంది. ఆరేళ్లలో కాస్త ఒళ్లు చేశాడు.

"మేడమ్, బాగున్నారా? ఆ కొత్త చట్టం కాగితం నేనూ చదివానండీ."

వెల్డా బల్ల మీది కాగితాలు ఒకదాని మీద ఒకటి సర్దింది.

"మూడు రోజులు. మంచిదే, మంచిదే. నాకు బండి తోలడమంటే ఇష్టం. రెండు రాత్రులు ఇటు, రెండు రాత్రులు అటు. కాస్త డీజిలు ఎక్కువ తాగుద్ది, అంతే." నవ్వాడు. గొంతు తగ్గించాడు. "మీ చెల్లెలుగారికి నా థాంక్స్ చెప్పండి. ఆవిడకి తెలీదనుకోండి. మీకు తెలుసు. నాకు నేర్పింది మీరే కదా."

దొంగకి తేలు కుట్టినట్టయింది ఆమె పని. వాడు తలుపు దగ్గర ఒక ముసలావిడకి దారిచ్చి, టోపీ తలకెక్కించి వెళ్లిపోయాడు.

ఈ రాష్ట్రం మొత్తం మీద ఆ చట్టంలోని కంత ఇద్దరికి తెలుసు. ఒకటి వాడికి, రెండు తనకి. ఇద్దరూ నోరు మూసుకుని ఒకే రోజు కోసం ఎదురుచూస్తున్నారు. ఆ ఆలోచన వచ్చేసరికి వెల్డాకి ఒళ్లంతా కంపరమెత్తింది. ఆఫీసు మరుగుదొడ్లోకి పోయి చేతులు మూడుసార్లు కడుక్కుంది. ఐదు కొట్టగానే ఇంటికెళ్లి, ఆరు పాత కేలెండర్లూ ఈ ఏటిదీ కాగితం సంచిలో వేసుకుని వంతెన దాటింది.

మార్లిస్ వంటింట్లో పసుపుపచ్చ టీషర్టు ఇస్త్రీ చేస్తోంది. జూనీ పక్కగదిలో టీవీ చూస్తోంది.

"ఈ బల్ల మీది సామాను తియ్యి," అంది వెల్డా. "నీ చట్టంలో ఏనుగు దూరేంత కంత ఉంది."

చెప్పింది. మార్లిస్ ఇస్త్రీ పెట్టె దించకుండానే విని, మూతి మూడు వంకరలు తిప్పింది.

"ఎల్లుండి విచారణ పెట్టుకుని ఇవాళొచ్చి చెబుతున్నావా? నీ సంగతి నాకు తెలీదా వెల్డా? నేను కిరీటం పెట్టుకున్న రోజు కూడా గౌను వెనకాల కుట్టు ఊడిందని స్టేజీ కిందనుంచి అరిచావు."

"నిజంగానే ఊడింది!"

"కుళ్లు. నీకు పుట్టుకతో వచ్చింది. ఒక్కసారి నాకు మంచి జరిగితే చూడలేవు."

"అవునే, కుళ్లే!" వెల్డా బల్ల మీద అరచేత్తో కొట్టింది. "కుళ్లుకునే చచ్చాను. కాగితం నా చేతికొచ్చి పదహారు రోజులైంది. చూశాను, తెలిసింది, నోరు మూసుకున్నాను. నువ్వు నలుగుర్లో నవ్వులపాలైతే చూడాలని కూర్చున్నాను. ఇవాళ వాడొచ్చి నాకు థాంక్స్ చెప్పి పోయాడు. చాలా? ఇంకేమైనా చెప్పాలా?"

మార్లిస్ ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది. పక్కగది వైపు చూసింది.

"పదహారు రోజులు," అంది చివరికి, గొంతు బాగా తగ్గించి. "ఈ పిల్ల ఇక్కడ తిరుగుతుంటేనే?"

"ఈ పిల్ల ఇక్కడ తిరుగుతుంటేనే," అంది వెల్డా. అంతకంటే ఏమనగలదు?

మార్లిస్ ముక్కు చీదుకుని, ఫ్రిజ్ మీద వేలాడుతున్న కేలెండర్ తీసుకొచ్చింది. అదీ శవసంస్కారాల దుకాణానిదే. పోయిన వసంతం నుంచి దాని మీద కొన్ని తారీఖులకి నల్ల చుక్కలున్నాయి.

"ఇవేంటి?"

"జూనీని గడప దాటనివ్వకూడని రోజులు. కిటికీలోంచి ట్రెయిలర్ కనిపిస్తే చుక్క పెడతాను."

ఈ ఏటివి రెండూ పక్కపక్కన పరిచారు. వెల్డా కేలెండర్ మీద తొమ్మిది ఎర్ర ఇంటూలు, మార్లిస్ కేలెండర్ మీద తొమ్మిది నల్ల చుక్కలు, మళ్లీ తొమ్మిది ఇంటూలు. ఏప్రిల్ నుంచి ఆ వారం దాకా ఒక్క తారీఖు కూడా ఖాళీ లేదు. మార్లిస్ ఇటొక వేలు, అటొక వేలు పెట్టి నెలనెలా దిగుతూ వచ్చింది.

"మూడు కాదు, ఒకటని పెట్టినా వీడికి లెక్కలేదు కదే," అంది.

"అదే కదా పదకొండు ఉత్తరాల్లోనూ రాసింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాను. నువ్వు ఫోన్లో ఉన్నావు."

విచారణలో మాట్లాడేవాళ్ల జాబితా పోయిన శుక్రవారమే మూసేశారు. మార్లిస్‌కి మూడు నిమిషాలిచ్చారు. వెల్డా కూర్చుని ఆ మూడు నిమిషాలకి సరిపడా రాసింది. రాష్ట్రంలో ఏ కౌంటీలో ఉన్నా సరే, ఏడాదిలో అన్ని రోజులూ కలిపి పది దాటితే పేరు రాయించుకోవాలి, వంతెన దాటినంత మాత్రాన లెక్క మొదటికి రాకూడదు. ఆరేళ్లుగా రాసిందే, చెయ్యి దానంతటదే పోయింది.

"నీ పేరు చెబుతాలే," అంది మార్లిస్.

"నా పేరు అక్కర్లేదు."

"నిజంగా?"

"అక్కర్లేదని చెప్పాను కదా. చెప్పకు."

చెప్పకు అన్న మాట నిజమే. అయితే మాత్రం, చెప్పకు అంటే చెప్పొద్దనా? తోడబుట్టినదానికి ఆపాటి తెలియదా?

గురువారం ఆ పెద్ద గదిలో వెల్డా వెనక వరసలో, రెండు పసుపుపచ్చ టీషర్టుల మధ్య ఇరుక్కుని కూర్చుంది. మార్లిస్ లేచి మైకు సరిచేసుకుంది. రెండు కేలెండర్లూ రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. కెమెరాలు అటు తిరిగాయి. ఎంత చక్కగా చెప్పిందనుకున్నారు! వెల్డా రాసిన ప్రతి మాటా చెప్పింది. వెల్డా నోటి నుంచి వస్తే అవే మాటలు బియ్యంలో రాళ్లలా ఉండేవి. మార్లిస్ చెబుతుంటే ముందు వరసలో ఒక ముసలి సెనేటర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఈ రెండూ పక్కపక్కన పెట్టాలని మీకెలా తోచిందమ్మా?" అని అడిగాడు హాల్బర్ట్.

మార్లిస్ వెనక్కి తిరిగింది. అన్ని తలల మధ్యా వెల్డాని వెతికి పట్టుకుంది. వెల్డా గడ్డం పైకెత్తి, నాకేం అక్కర్లేదన్నట్టు కిటికీ వైపు చూసింది. చూస్తూనే, చెప్పవే, చెప్పు, చెప్పు అని లోపల గొంతు చించుకుంది.

"ఇంట్లో ఆడవాళ్లం, కేలెండర్లు చూస్తూనే ఉంటాం కదండీ," అంది మార్లిస్. అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. పక్కనున్న పసుపుపచ్చ టీషర్టు వెల్డా భుజం మీద చెయ్యివేసి, "మీకెంత గర్వంగా ఉందో!" అంది. గర్వం మాట దేవుడెరుగు, ఆ చేతిని కొరకనందుకు వెల్డా తనని తాను మెచ్చుకుంది. మార్పు ఒప్పుకున్నారు. ఒక్క ఓటు కూడా వ్యతిరేకంగా పడలేదు. సాయంత్రం టీవీలో అది కూడా మార్లిస్ సవరణే అయింది.

తిరుగుదారిలో మార్లిస్ బండి ఆపి, వెల్డాకి ఇష్టమైన స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్ కొనిచ్చింది.

"నువ్వే కదా వద్దన్నావ్?"

"అవును. వద్దన్నాను."

ఆపైన పాతిక మైళ్లూ వెల్డా స్ట్రా కొరుకుతూ కూర్చుంది.

సెప్టెంబరు ఒకటిన చట్టం అమల్లోకి వచ్చింది. పదకొండో తారీఖున ఓరిన్ వచ్చాడు. ఈసారి టోపీ నెత్తి మీదే ఉంది. వెనకాల వాకిట్లో షెరీఫ్‌గారి డిప్యూటీ నిలబడి ఉన్నాడు.

"టోపీ తియ్యి, ఫొటో," అంది వెల్డా.

తీశాడు. ట్రెయిలర్ నంబరు చెప్పాడు, బండి నంబరు చెప్పాడు. సంతకం పెడుతూ, "మొత్తానికి మీ చెల్లెలు గట్టి మనిషే," అన్నాడు.

ఆ కాగితం అడుగున "నమోదు చేసినవారు" అని ఒక గీత ఉంటుంది. ఇరవై రెండేళ్లుగా వెల్డా అక్కడ రెండు పొడి అక్షరాలు గిలికి వదిలేసేది. ఆ రోజు కళ్లజోడు సర్దుకుని, వెల్డా మే స్ట్రౌడ్ అని నిండుగా రాసింది. నకలు తీసి వాడి చేతికిచ్చింది.

"ఇదెప్పుడూ నీ జేబులో ఉండాలి. పోలీసు ఎప్పుడడిగితే అప్పుడు తీసి చూపించాలి. రేవు రేపు పొద్దుటికి ఖాళీ చెయ్యి. అటు రేవు కూడా నీకు లేదు."

వాడు కాగితం కింద పేరు చదివి, ఆమె ముఖం చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పది నిమిషాల్లో ఫోను మోగింది. మార్లిస్.

"పెట్టాడా సంతకం?"

"పెట్టాడు."

"దేవుడా! వెల్డా, మన చట్టమే!"

"కాగితం అంతా రెండుసార్లు చూశాను," అంది వెల్డా. "పైనుంచి కింద దాకా ఎక్కడా నీ పేరు లేదు. నాదుంది."

అటువైపు మార్లిస్ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ ముక్కు చీదింది.

"రేపటి తారీఖు మీద చుక్క పెట్టకు," అంది వెల్డా. "పిల్లని బయటికి వదులు. ఉయ్యాల ఊగాలని ఎన్నాళ్లనుంచో గోల పెడుతోంది."

"వదులుతాను. ఏమని చెప్పమంటావ్?"

వెల్డా ఫోను పక్కచెవికి మార్చుకుంది. కౌంటరు ముందు ఒకతను నిలబడి ఎదురుచూస్తున్నాడు, ఉండమని వేలు చూపించింది.

"వెల్లీ వాడి పేరు రాసేసిందని చెప్పు," అంది. "ఈసారి నిజంగానే చెప్పమంటున్నాను."